గొంతు అమ్మాయిదే, ఫోన్ ఎవరిది?

ప్రశ్న: డాలస్‌లో చదువుతున్న మా అమ్మాయి గొంతుతో తెల్లవారుజామున ఫోన్. "అమ్మా, యాక్సిడెంట్ చేశాను" అని ఏడుపు. వెంటనే లాయర్‌నంటూ ఒకాయన అందుకుని రెండు లక్షలు పంపమన్నాడు. పంపబోతుంటే మావారు ఆపారు. గొంతు అచ్చం దానిదే! ఎలా సాధ్యం?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: గొంతు దించడానికి ఇప్పుడు మిమిక్రీ కళాకారుడు అక్కర్లేదు. మూడు సెకన్ల మాట వినిపిస్తే చాలు, అదే గొంతుతో మాట్లాడే ఏఐని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2023 జనవరిలోనే చూపించారు. అమ్మాయి ఇన్‌స్టాలో పెట్టే రీలు అంతకంటే పెద్దదే.

మొహాలదీ అదే కథ. 2024లో బయటపడ్డ హాంకాంగ్ మోసంలో అరప్ కంపెనీ ఉద్యోగి వీడియో కాల్‌లో పై అధికారులను చూసి 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు. ఆ కాల్‌లో ఆ ఉద్యోగి తప్ప మిగతావాళ్లంతా మాయా శశిరేఖలే! మన దగ్గరా 2025 అక్టోబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు మొహంతో వీడియో కాల్ చేసి సత్తుపల్లి తెదేపా కార్యకర్తల దగ్గర డబ్బు గుంజారు.

విరుగుడు చిన్నదే. ఫోన్ పెట్టేసి, అమ్మాయి నంబరుకు అమ్మే చేయాలి. ఎత్తకపోతే రూమ్మేట్‌కు. చిన్నప్పుడు పెంచిన పిల్లి పేరులాంటి గుర్తుమాట ఒకటి ఇంట్లో ముందే అనుకోవాలి. అది ఫేస్‌బుక్‌లో కనపడకూడదు సుమా. డబ్బు వెళ్లిపోతే ఆలస్యం చేయకుండా సైబర్‌క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: నా మొహాన్ని వేరే ఒంటికి అతికించి వీడియో తిప్పుతున్నారు. ఫిర్యాదు చేస్తే దొరుకుతారా?
– విద్యార్థిని, బాపట్ల

జవాబు: దొరికిన సందర్భం పక్క జిల్లాలోనే ఉంది. 2023 నవంబరులో దుమారం రేపిన రష్మిక మందన్న డీప్‌ఫేక్ కేసులో ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో అరెస్టు చేసింది గుంటూరు జిల్లా ఇంజినీరునే. ఫ్యాన్ పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడట! వీడియో తీసేయమని ఇన్‌స్టాకు చెప్పేముందే లింకు, ఖాతా పేరు, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఇలాంటి ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

ప్రశ్న: బ్యాంకు ఖాతా వాడుకోనిస్తే నెలకు ఐదు వేలు ఇస్తామంటున్నారు. తప్పేంటి?
– డిగ్రీ విద్యార్థి, రేపల్లె

జవాబు: తెనాలి తల్లి పంపబోయిన రెండు లక్షలు పడేది ఇలాంటి అద్దె ఖాతాలోనే. వీటిని పసిగట్టేందుకు రిజర్వు బ్యాంకు ఇన్నొవేషన్ హబ్ 'మ్యూల్‌హంటర్' అనే ఏఐని తయారుచేసింది. పొద్దున లక్షలు పడి మధ్యాహ్నానికి ఖాళీ అయ్యే ఖాతా ఇలాంటి నిఘాకు ఇట్టే చిక్కుతుంది. రొయ్యలమ్ముకున్న రైతు ఖాతా కూడా యంత్రానికి అలాగే కనపడొచ్చు. కాబట్టి ఖాతా ఆపేముందు బ్యాంకులో ఒక మనిషి చూడాల్సిందే. ఈ కుర్రాడికి ఆ సందేహలాభం కూడా దక్కదు. ఏటీఎం కార్డు, సిమ్ ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈరోజే బ్రాంచికి వెళ్లి ఆపించుకోవాలి.