ఆయిల్ ఇంజను గవర్నరు: స్ప్రింగు బిగించే ముందు

కరెంటు లేని పూట గడ్డి కోసే యంత్రాన్ని తిప్పడానికి కొందరు సభ్యుల ఇళ్ళలో పాత ఆయిల్ ఇంజనే ఆధారం. ఇంగ్లండులోని లిస్టరు నమూనాను అనుసరించి రాజ్‌కోట్‌లో తయారైన, రెండు ఫ్లైవీళ్ళ, 6 హార్స్‌పవర్ ఇంజను అటువంటిదే. అది నిమిషానికి 650 చుట్లు తిరగాలి. ఒక క్షణం జోరుగా, మరుక్షణం నీరసంగా ఊగుతూ నడుస్తుంటే, చాలామంది గవర్నరు స్ప్రింగు నట్టును బిగిస్తారు.

మేమూ ఒకసారి ఆ పొరపాటే చేశాము. ఒక సభ్యుని కొట్టంలో నట్టు బిగించాము. జొన్నచొప్ప కోస్తున్నంత సేపూ ఇంజను బాగానే నడిచింది. కోత ఆగి బరువు తగ్గగానే ఒక్కసారిగా వేగం అందుకుంది. ఆ రైతు వెంటనే ఆపాడు కనుక ప్రమాదం తప్పింది. అసలు లోపం ఫ్యూయల్ పంపు రాక్‌కు పట్టిన జిడ్డు.

గవర్నరు పని ఇది: ఇంజను వేగం పెరిగితే, దానితోపాటు తిరిగే బరువులు విచ్చుకొని, లివరు ద్వారా రాక్‌ను జరిపి డీజిలు తగ్గిస్తాయి. వేగం తగ్గితే స్ప్రింగు రాక్‌ను తిరిగి లాగి డీజిలు పెంచుతుంది. మధ్యలో ఏది పట్టేసినా ఈ పని ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే ఊగుడు.

కనుక ఈ వరుసలో చూడండి:

1. ఫిల్టరు శుభ్రం చేయండి. డీజిలు గొట్టాల జాయింట్లు బిగించి, లోపల చేరిన గాలి తీయండి.

2. ఇంజను ఆపి, బెల్టు తీసి, రాక్ లింకు విడదీయండి. రాక్ వేలితో కదిపితే తేలికగా జారాలి. పట్టేస్తే కిరసనాయిలుతో కడిగి, పలుచని నూనె చుక్క వేయండి. పంపు పైనున్న డెలివరీ వాల్వు హోల్డరును అతిగా బిగించినా రాక్ పట్టేస్తుంది. అది మెకానిక్కు చూడవలసిన పని.

3. లింకు రంధ్రాలు, పిన్నులు అరిగి వదులైతే మార్చండి. తీగముక్క కట్టి సరిపెట్టవద్దు.

4. స్ప్రింగు సాగినా, తుప్పు పట్టినా, అదే కొలతది వేయండి.

5. ఇవన్నీ అయ్యాకనే టాకోమీటరు పెట్టి వేగాన్ని 650కి సరిచేయించండి.

వేగం రెట్టింపైతే ఫ్లైవీలును చీల్చే బలం నాలుగింతలవుతుంది. పోత ఇనుప చక్రం పగిలితే ముక్కలు దూరంగా ఎగిరిపడతాయి. ఇంజను అదుపు తప్పితే చక్రం తిరిగే వరసలో ఎవరూ నిలబడకూడదు. డీజిలు ఆపే లివరు వేయండి. ఇంజను తన కందెన నూనెనే పీల్చి మండిస్తుంటే డీజిలు ఆపినా ఆగదు. అప్పుడు, ప్రక్కనుంచి చేరే వీలుంటే, గాలి పీల్చే మూతిని మందపాటి చెక్కతో మూయండి. చేయి గాని, గుడ్డ గాని పెట్టవద్దు. వీలు లేకుంటే పిల్లలతో, మనుషులతో సహా దూరంగా జరగండి.

ఇంజను తిప్పేముందు రాక్‌ను ఒకసారి వేలితో కదిపి చూడడం అరనిమిషం పని. ఆ అలవాటు ఇంటిల్లిపాదికీ నేర్పండి.