డోడో దీవికి ప్రయాణ సన్నాహం

పాఠ్యభాగ పరిచయం

యాత్ర అంటే కొత్త ప్రదేశాలను చూడడం మాత్రమే కాదు. చూడబోయే ప్రదేశాన్ని ముందుగా అర్థం చేసుకోవడం కూడా. సికిందరాబాదు నుండి మారిషస్ దీవికి సాహసయాత్ర చేయదలచినవారు ఏమేమి తెలుసుకోవాలో, ఎందుకు తెలుసుకోవాలో ఈ పాఠం వివరిస్తుంది. మానవుని రాకపోకలు ఒక చిన్న దీవిలోని ప్రాణికోటిపై ఎంతటి ప్రభావాన్ని చూపగలవో విద్యార్థులకు తెలియజేయడం దీని ఉద్దేశం.

దీవి – దూరం

హిందూమహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున సుమారు 800 కిలోమీటర్ల దూరంలో మారిషస్ ఉంది. సికిందరాబాదు నుండి అక్కడికి ఆకాశమార్గాన దాదాపు 4,800 కిలోమీటర్లు. ప్రధాన ద్వీపం వైశాల్యం రెండు వేల చదరపు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. ఇది 1968 మార్చి 12న స్వాతంత్ర్యం పొంది, 1992లో గణతంత్ర రాజ్యమైంది. అక్కడి గడియారం మన గడియారం కంటే గంటన్నర వెనుక నడుస్తుంది.

ఈ దీవి భూమధ్యరేఖకు దక్షిణాన ఉండడంవల్ల అక్కడి ఋతువులు మనకు భిన్నంగా ఉంటాయి. మనకు ఎండాకాలమైన మే నెలలో అక్కడ చలికాలం మొదలవుతుంది. నవంబరు నుండి ఏప్రిల్ వరకు తుపానుల భయం ఉంటుంది. కొండలెక్కి అడవులలో తిరగదలచినవారికి మే నుండి అక్టోబరు వరకు అనుకూలమైన కాలం. కాలనిర్ణయమే యాత్రాప్రణాళికలో మొదటి మెట్టు.

ఒక పక్షి కథ

మారిషస్ పేరు వినగానే డోడో పక్షి గుర్తుకు వస్తుంది. అది పావురాల జాతికి చెందినది. దీవిలో దానిని వేటాడే క్రూరమృగాలు లేవు. అందువల్ల అది ఎగరడం మరచిపోయింది. నేలమీదనే గూడు కట్టుకొంది. 1598లో డచ్చివారు ఆ తీరంలో అడుగుపెట్టారు. ఓడలతోపాటు ఎలుకలు, పందులు, కోతులు దీవికి చేరాయి. అవి నేలమీద ఉన్న గుడ్లను తినివేశాయి. పదిహేడవ శతాబ్దం ముగియకముందే డోడో అంతరించింది. ఆ పక్షిని అంతం చేయాలని ఎవరూ సంకల్పించలేదు. ఎవరూ ఆలోచించకపోవడమే దాని వినాశనానికి కారణం.

సికిందరాబాదు నుండి సాగిన బంధం

ఈ దీవికీ సికిందరాబాదుకూ ఒక చారిత్రక సంబంధం ఉంది. 1897 ఆగస్టు 20న బేగంపేటలో సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ పరిశోధనకు 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. నాటికి మారిషస్ మలేరియాతో అల్లాడుతూ ఉంది. 1860వ దశకంలో చెలరేగిన మహమ్మారి అక్కడ వేలాదిమందిని బలిగొంది. ఓడలలో వచ్చిన మనుషులతో, దోమలతో ఆ వ్యాధి దీవికి చేరింది. రాస్ 1907లో మారిషస్ వెళ్లి, అక్కడి పరిస్థితులను పరిశీలించి, మలేరియా నివారణకు 1908లో నివేదిక సమర్పించాడు. దోమలు పెరిగే నీటి గుంటలను తొలగించడం అందులోని ముఖ్యమైన సూచన.

తరువాత 1940వ దశకం చివర డి.డి.టి. మందును దీవి అంతటా చల్లారు. మలేరియా తగ్గింది. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మారిషస్‌ను మలేరియా లేని దేశంగా గుర్తించింది. మనుషులకు అది మహోపకారమే. కాని ఆ మందు కీటకాలను తిన్న ప్రాణుల ద్వారా వాటిని తినే మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగల శరీరాలలోకి చేరింది. అటువంటి మందు వేటపక్షుల గుడ్ల పెంకులను పలుచబరుస్తుంది. అడవుల నరికివేత, బయటినుండి వచ్చిన జంతువుల దాడి కూడా తోడయ్యాయి. ఎలుకలను అదుపు చేయడానికి సుమారు 1900లో తెచ్చిన భారతదేశపు ముంగిస కూడా పక్షులకు శత్రువైంది. 1974 నాటికి అడవిలో నాలుగంటే నాలుగు డేగలు మాత్రమే మిగిలినట్లు తేలింది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1979లో దీవికి వచ్చిన జీవశాస్త్రజ్ఞుడు కార్ల్ జోన్స్ గూళ్లనుండి గుడ్లను జాగ్రత్తగా తీసి పొదిగించాడు. తల్లిపక్షి మరల గుడ్లు పెట్టింది. అలా పెంచిన పిల్లలను అడవిలో విడిచిపెట్టారు. నేడు ఆ డేగలు వందలలో ఉన్నాయి. ఒకప్పుడు పదికి పడిపోయిన గులాబిరంగు పావురాలు కూడా వందలకు పెరిగాయి. డోడో విషయంలో పోగొట్టుకొన్నది తిరిగి రాలేదు. ఈ పక్షుల విషయంలో మేలుకొన్నవారు నిలబెట్టుకొన్నారు.

చూడదగిన స్థలాలు

1994లో ఏర్పడిన బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయోద్యానం ఈ పక్షులకు ఆశ్రయం. లోయలు, జలపాతాలు, కొండదారులు అక్కడి ఆకర్షణలు. దీవిలోని ఎత్తైన శిఖరం 828 మీటర్లు. ఆగ్నేయ తీరంలోని ఈల్-ఓ-ఎగ్రెట్ అనే చిన్న దీవిలో ఎబొనీ వృక్షాల అడవిని పునరుద్ధరిస్తున్నారు. అంతరించిన స్థానిక తాబేళ్లకు బదులుగా అల్దాబ్రా తాబేళ్లను అక్కడ ఉంచారు. అవి పండ్లను తిని విత్తనాలను వ్యాపింపజేస్తాయి. 2020లో ‘వకాషియో’ అనే ఓడ తీరంలోని పగడపు దిబ్బను ఢీకొని చమురు కారినపుడు ఈ చిన్న దీవికి పెను ప్రమాదం ఏర్పడింది. అక్కడి అరుదైన మొక్కలను, ప్రాణులను కాపాడటానికి సంరక్షకులు తరలించవలసి వచ్చింది.

పోర్టు లూయీ నగరంలోని అప్రవాసీ ఘాట్ కూడా తెలుగువారు తప్పక దర్శించదగినది. 1834 నుండి ఒప్పంద కూలీలుగా వచ్చిన లక్షలాది భారతీయులు ఆ మెట్లు ఎక్కి దీవిలో కాలుపెట్టారు. ఆంధ్రతీరం నుండి వెళ్లిన తెలుగువారూ వారిలో ఉన్నారు. 2006లో ఈ స్థలం ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. నేటికీ అక్కడ ఉగాది సెలవుదినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లోనే జరిగాయి.

ప్రయాణికుని కర్తవ్యాలు

పాసుపోర్టు, ప్రవేశ నిబంధనలు, బీమా, డబ్బు వంటి ఏర్పాట్లు ఏ ప్రయాణానికైనా అవసరమే. ఈ యాత్రకు మరికొన్ని ప్రత్యేక జాగ్రత్తలు కావాలి. బూట్ల అడుగున, సంచుల మడతలలో మట్టి, గింజలు లేకుండా శుభ్రం చేయాలి. ఒక్క విత్తనం పరాయి మొక్కగా మొలిచి స్థానిక వృక్షజాతిని అణగదొక్కగలదు. పండ్లు, మొక్కలు వెంట తీసుకుపోరాదు. మలేరియా ఉన్న దేశాలనుండి వచ్చేవారిని అక్కడి ఆరోగ్య సిబ్బంది ప్రశ్నిస్తారు. జ్వరం వచ్చి ఉంటే దాచక చెప్పాలి. అది అవమానం కాదు. దీవివాసులకు చేసే మేలు. అడవిలో నిర్దేశించిన దారినే నడవాలి. పక్షుల గూళ్లను సమీపించరాదు.

సాహసమంటే ప్రమాదానికి ఎదురువెళ్లడం మాత్రమే కాదు. తన కోరికను తానే అదుపులో ఉంచుకోవడం అంతకంటే గొప్ప సాహసం. మనం వెళ్లివచ్చిన తరువాత కూడా దీవి ఎప్పటిలాగే ఉన్నప్పుడే ఆ యాత్ర సఫలమైనట్లు.

కఠిన పదాలకు అర్థాలు

సన్నాహం = ఏర్పాటు, తయారీ
ప్రాణికోటి = జీవుల సముదాయం
పరాన్నజీవి = ఇతర జీవులపై ఆధారపడి బ్రతికేది
పునరుద్ధరించు = తిరిగి నిలబెట్టు
కర్తవ్యం = చేయవలసిన పని

వ్యాకరణాంశాలు

మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
పరాన్నం = పర + అన్నం – సవర్ణదీర్ఘసంధి
ప్రాణికోటి = ప్రాణుల యొక్క కోటి – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

1. డోడో అంతరించడానికీ, మారిషస్ డేగ బ్రతికిబట్టకట్టడానికీ గల కారణాలను పోల్చి వ్రాయండి.
2. మలేరియా నివారణ వల్ల కలిగిన మేలును, కీడును వివరించండి.
3. దీవికి వెళ్లే ప్రయాణికుడు బూట్లను ఎందుకు శుభ్రం చేసుకోవాలి?
4. అప్రవాసీ ఘాట్ ప్రాధాన్యమేమి?