రెండు దీవులు, ఒకే ప్రశ్న



మీరు త్రిశరణ పంచశీల తీసుకున్న తర్వాత బాయి మీదనో, చుట్టాల పెండ్లిలోనో ఎవరో ఒకరు ఈ మాట అనే ఉంటరు: "బౌద్ధంలకు పోయిండ్రు సరే, కులం పోయిందా మరి?"

ఈ పాఠం ఆ ప్రశ్న గురించే. ఎగతాళికి అడిగినా, నిజంగా తెలుసుకుందామని అడిగినా మన దగ్గర జవాబు ఉండాలె. "మా ధమ్మంలో కులం లేదు" అని ఒక్క మాట అని తప్పించుకుంటే సరిపోదు. బుద్ధుని బోధలో కులం లేదు, అది నిజం. క్షౌరం చేసే ఉపాలిని సంఘంలో చేర్చుకున్నడు, పాకీపని చేసే సునీతుణ్ణి చేర్చుకున్నడు. కానీ బౌద్ధులు వందల ఏండ్లుగా బతుకుతున్న దేశాలలో కులం లేదా? అక్కడ ఏం జరిగింది? ఇందుకోసం రెండు ద్వీప దేశాలను పక్కపక్కన పెట్టి చూద్దాం. ఒకటి శ్రీలంక, రెండోది జపాన్.

దేనికీ పోలిక లేని రెండు దేశాలు

శ్రీలంక విస్తీర్ణం 65,610 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణలో సగం కన్నా కొంచెం ఎక్కువ. ఎండ, వాన, కొబ్బరి, తేయాకు. జపాన్ ఒక దీవి కాదు, దీవుల వరుస. హొక్కయిడో, హోన్షు, షికోకు, క్యుషు అనేవి పెద్దవి. విస్తీర్ణంలో శ్రీలంకకు ఐదింతల కన్నా ఎక్కువ. ఉత్తరాన మంచు కురుస్తది, దేశమంతా భూకంపాల భయం.

శ్రీలంకను పోర్చుగీసువాళ్ళు, డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఏలిండ్రు. 1948లో స్వాతంత్ర్యం వచ్చింది. జపాన్ ఎవరికీ వలస రాజ్యం కాలేదు, పైగా తానే కొరియాను, మరికొన్ని దేశాలను ఆక్రమించింది.

బౌద్ధం కూడా వేర్వేరు దారుల్లో వచ్చింది. అశోకుని కాలంలో మహింద థేరుడు, సంఘమిత్ర థేరి సింహళ దీవికి ధమ్మాన్ని తీసుకుపోయిండ్రు. అక్కడ థేరవాదం నిలబడింది. త్రిపిటకాన్ని మొదటిసారి తాటాకుల మీద రాసి కాపాడింది ఆ దేశమే. జపాన్‌కు బౌద్ధం క్రీస్తు శకం ఆరో శతాబ్దంలో కొరియా నుంచి పోయింది. అది మహాయానం. లంకలో భిక్ఖువు బ్రహ్మచారిగా ఉంటడు. జపాన్‌లో పూజారులు పెండ్లి చేసుకుంటరు, గుడి తండ్రి నుంచి కొడుకుకు వస్తది.

ఇంత తేడా ఉన్న రెండు దేశాలలో ఒక విషయం మాత్రం ఒక్క తీరుగనే జరిగింది. రెండు చోట్లా కులం బౌద్ధం లోపలికి వచ్చి కూర్చున్నది.

శ్రీలంక: చీవరానికి కులం కట్టిన కథ

పద్దెనిమిదో శతాబ్దం నాటికి లంకలో సంఘం చితికిపోయింది. ఉపసంపద ఇవ్వడానికి కావలసినంతమంది భిక్ఖువులు కూడా మిగలలేదు. అప్పుడు క్యాండీని ఏలుతున్న రాజు కీర్తి శ్రీ రాజసింహ. ఈయన మధుర నాయక రాజులతో సంబంధమున్న కుటుంబంవాడు, అంటే తెలుగు మూలాలున్న వంశం. ఆయన కాలంలోనే, 1753లో, సియాం దేశం నుంచి ఉపాలి థేరుడు, మరికొందరు భిక్ఖువులు వచ్చి ఉపసంపదను తిరిగి నిలబెట్టిండ్రు. అట్ల మొదలైంది సియాం నికాయం.

ఇది మంచి పనే. కానీ ఆ తర్వాత కొన్నేండ్లకే ఒక కట్టడి వచ్చింది: గోవిగమ కులంవాళ్ళకే ఉపసంపద. గోవిగమ అంటే భూమి దున్నే పెద్ద కులం. దాల్చిన చెక్క ఒలిచే సలాగమవాళ్ళు, చేపలు పట్టే కరావవాళ్ళు, కల్లు గీసే దురావవాళ్ళు బుద్ధునికి దండం పెట్టొచ్చు, దానం ఇయ్యొచ్చు, కానీ భిక్ఖువు కారాదు. ఇంకా అడుగున ఉన్న రొదియవాళ్ళను ఊరి బయటనే ఉంచిండ్రు. ఒంటి పైభాగం కప్పుకునే హక్కు కూడా ఆ ఆడవాళ్ళకు లేకుండా చేసిండ్రు.

దీన్ని తీరప్రాంత కులాలు ఒప్పుకోలేదు. 1799లో ఒక సలాగమ సామణేరుడు కొందరిని వెంటబెట్టుకొని ఓడెక్కి బర్మా పోయిండు. అక్కడ అమరపురలో ఉపసంపద తీసుకొని 1803లో తిరిగి వచ్చిండు. అట్ల అమరపుర నికాయం పుట్టింది. రాజు అనుమతి లేకుండా, పెద్ద కులం దయ లేకుండా, సముద్రం దాటి ధమ్మాన్ని తెచ్చుకున్నరు. ఇది మనం గర్వంగా చెప్పుకోవలసిన ముచ్చట.

కానీ కథ అక్కడ ఆగలేదు. అమరపుర నికాయం కూడా మళ్ళా కులాలవారీగా ముక్కలైంది. సలాగమకు ఒక శాఖ, కరావకు ఒక శాఖ, దురావకు ఒక శాఖ. ఈ మాటను ఒకటికి రెండుసార్లు చదవండి. పైకులం పెత్తనం నుంచి బయటపడటం వేరు, కులం నుంచి బయటపడటం వేరు. మొదటిది వాళ్ళు సాధించిండ్రు, రెండోది చేతికి రాలేదు.

ఇంకొక సంగతి. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, 1948లో, పౌరసత్వ చట్టం తెచ్చి తేయాకు తోటల కూలీలను లక్షలమందిని దేశం లేనివాళ్ళను చేసిండ్రు. ఇంగ్లీషువాళ్ళ కాలంలో తమిళ జిల్లాల నుంచి పోయిన ఈ కూలీల్లో దళిత కులాలవాళ్ళే ఎక్కువ. 1956లో సింహళ ఒక్కటే అధికార భాష అన్నరు. 1983 నుంచి 2009 దాకా యుద్ధం నడిచింది. రాజ్యాంగంలో బౌద్ధానికి అగ్రస్థానం రాసుకున్న దేశంలో ఇదంతా జరిగింది. రాజ్యాంగంలో బౌద్ధం ఉంటే చాలదు, మనుషుల నడకలో ఉండాలె.

జపాన్: సమాధి రాయి మీద కూడా కులం

జపాన్‌లో కులం ఉన్నదంటే చాలామంది నమ్మరు. కార్లు, రైళ్ళు, శుభ్రత అదే గుర్తుకొస్తది. కానీ అక్కడ 'బురాకుమిన్' అనే ప్రజలున్నరు. బురాకు అంటే పల్లె, వాడ. అంటే 'వాడవాళ్ళు' అన్నట్టు. మొఖం చూస్తే తేడా తెలవదు, భాష ఒకటే, జాతి ఒకటే. వాళ్ళ తాతముత్తాతలు పశువులను కోసేవాళ్ళు, తోలు పని చేసేవాళ్ళు, కళేబరాలు ఎత్తేవాళ్ళు. మనకు తెలిసిన కథే కదా? మన మాదిగవాడ కథ మాటలు మారి అక్కడ వినిపిస్తది.

ఇక్కడ బౌద్ధం పేరు మీద జరిగిన తప్పేంది? మొదటి శీలం ప్రాణహింస చేయవద్దంటది. ఆ శీలాన్ని పట్టుకొని, పశువును కోసేవాడు పాపి, అంటరానివాడు అన్నరు. ఆ తోలుతో చేసిన సరుకు వాడుకున్నవాళ్ళు మాత్రం శుద్ధులు. పోయిన జన్మ కర్మ వల్లనే ఈ పుట్టుక అని చెప్పేటోళ్ళు కూడా ఉన్నరు. ఆ రోజుల్లో ప్రతి కుటుంబం ఏదో ఒక గుడిలో పేరు రాయించుకోవాలని ప్రభుత్వం నియమం పెట్టింది. అట్ల గుడి రిజిస్టరే కులం రిజిస్టరు అయింది. చచ్చిపోయినవాళ్ళకు గుడివాళ్ళు పెట్టే ధమ్మ నామాలలో, బురాకు మనిషైతే పశువు, తోలు అనే అర్థాలొచ్చే అక్షరాలు చేర్చిండ్రు. ఆ పేర్లే సమాధి రాళ్ళ మీద చెక్కిండ్రు. బతికినప్పుడు వాడ బయట, చచ్చినంక రాయి మీద.

1871లో జపాన్ ప్రభుత్వం ఈ హీన హోదాలను రద్దు చేసింది. కాగితం మీద పోయింది, మనుషుల్లో పోలేదు. క్యుషు దీవి ఉత్తరాన చికుహో అనే పెద్ద బొగ్గు ప్రాంతం ఉండేది. చాలామంది బురాకు ప్రజలు ఆ బొగ్గు బాయిల్లో పనికి చేరిండ్రు. లోపల పైకప్పు కూలితే కులం చూడదని మీకు చెప్పాల్సిన పని లేదు. పైకి వచ్చినంక మాత్రం పెండ్లి సంబంధం దగ్గర కులం చూసిండ్రు.

1922 మార్చి 3న క్యోటోలో బురాకు ప్రజలు 'సుయ్‌హేయ్‌షా' అనే సంఘం పెట్టుకున్నరు. ఆ పేరుకు అర్థం సమతల సంఘం. నీటి మట్టం లెక్క, ఎక్కడా ఎక్కువ తక్కువ లేకుండా. దాని ప్రకటన రాసిన సాయికో మాన్‌కిచి బురాకు ప్రాంతంలోని ఒక బౌద్ధ గుడిలో పుట్టినవాడు. వాళ్ళు జాలి వద్దన్నరు, గౌరవం కావాలన్నరు. తమవాళ్ళలో ఎక్కువమంది నమ్మే హోంగాన్‌జీ పెద్ద గుడులతో ఇట్ల తేల్చి చెప్పిండ్రు: ఇరవై ఏండ్లు మా దగ్గర చందాలు అడగొద్దు. మతం విడిచిపెట్టలేదు, గుడి ముందు నిలబడి లెక్క అడిగిండ్రు.

1969లో బురాకు వాడల ఇండ్లకు, రోడ్లకు, చదువుకు ప్రత్యేక చట్టం వచ్చింది. అయినా 1975లో ఒక సంగతి బయటపడ్డది. బురాకు వాడల అడ్రసులన్నీ పుస్తకంగా అచ్చేసి కంపెనీలకు దొంగతనంగా అమ్ముతున్నరు, ఉద్యోగానికి వచ్చినవాడు ఏ వాడవాడో చూసుకోడానికి. 1979లో అమెరికాలో జరిగిన ప్రపంచ మతాల సభలో సోతో జెన్ శాఖ పెద్ద ఒకాయన జపాన్‌లో వివక్షే లేదన్నడు. బురాకు ఉద్యమం ఊరుకోలేదు. చివరికి ఆయన ఆ మాట వెనక్కి తీసుకున్నడు. ఆ శాఖ తన గుడుల రిజిస్టర్లు, సమాధి రాళ్ళు వెతికించి, ఆ పేర్లు మార్చే పని మొదలుపెట్టింది. 2016లో మళ్ళా వివక్ష నిర్మూలన చట్టం చేయవలసి వచ్చిందంటే, రోగం ఇంకా ఉన్నట్టే.

ఈ రెండు కథల నుంచి మనకేం కావాలి?

మొదటిది, కులం తలుపు తట్టి రాదు. లంకలో ఉపసంపద నియమంగా వచ్చింది, జపాన్‌లో గుడి రిజిస్టరుగా వచ్చింది. మన దగ్గర ఏ రూపంలో వస్తదో మనమే కాపలా కాయాలె.

రెండోది, మంచి మాటను కూడా కులం వాడుకుంటది. శీలం మనిషి తన నడకను సరిచేసుకోవడానికి. ఇంకొకడి పుట్టుకను కొలవడానికి కాదు. బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో గత జన్మ కర్మ సిద్ధాంతాన్ని అంత గట్టిగా ప్రశ్నించింది ఇందుకే. బీదవాడి బీదతనానికి వాడి పాత పాపమే కారణమంటే, సమాజం చేతులు కడుక్కున్నట్టే.

మూడోది, 1950 మే నెలలో బాబాసాహెబ్ స్వయంగా శ్రీలంక పోయి క్యాండీలో ప్రపంచ బౌద్ధుల సమావేశంలో పాల్గొన్నరు. బౌద్ధ దేశంలో ఆచరణ ఎట్లున్నదో చూసిండ్రు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో త్రిశరణ పంచశీలతో ఆపకుండా 22 ప్రతిజ్ఞలు చేయించిండ్రు. మనుషులంతా సమానమన్నది, సమానత్వం కోసం పాటుపడతానన్నది ఆ ప్రతిజ్ఞల్లోనే ఉన్నది. వేరే బౌద్ధ దేశాల్లో లేని కాపలా అది.

మనకు ఒక బలం ఉన్నది. ఆ దీవుల్లో రాజులు తెచ్చిన బౌద్ధం కిందికి దిగేసరికి కులం పట్టుకున్నది. మన దగ్గర అడుగున ఉన్నవాళ్ళే ధమ్మాన్ని చేతుల్లోకి తీసుకున్నరు. కానీ అమరపుర నికాయం కూడా అణగినవాళ్ళదే కదా? కాబట్టి బలం చూసి మురిసిపోవద్దు. మాల బౌద్ధులు, మాదిగ బౌద్ధులు అని మనమే రెండు వరుసల్లో కూర్చుంటే, కొన్నేండ్లకు రెండు విహారాలు లేస్తయి. అప్పుడు పాఠం రాసేవాళ్ళు మూడో దేశంగా మన పేరు రాస్తరు.

పాలిలో 'దీప' అనే మాటకు దీపమనీ, దీవి అనీ రెండు అర్థాలున్నయి. బుద్ధుడు చివరి రోజుల్లో ఎవరికి వారే దీపంగా ఉండమన్నడు. దీన్ని వరదలో మునగని దీవిగా ఉండమని కూడా అర్థం చెప్తరు. గోదావరి వరద చూసినవాళ్ళకు ఈ మాట ఇట్టే తెలుస్తది. కులం వరద లాంటిది. మన ఇల్లు, మన విహారం అందులో మునగని గడ్డ కావాలె.

ఇంట్లో కూర్చొని మాట్లాడుకోవడానికి

1. మన బిడ్డకు లేదా కొడుక్కు బౌద్ధ సంబంధం వస్తే, "ఏ కులపోళ్ళు?" అని అడుగుతున్నమా? ఎందుకు?

2. మన విహార కమిటీలో అన్ని వాడలవాళ్ళు, ఆడవాళ్ళు ఉన్నరా? వందన చెప్పేది ఎవరు, ఊడ్చేది ఎవరు?

3. తోలు పని, పాకీ పని చేసిన మన పెద్దల గురించి పిల్లలకు తలెత్తుకొని చెప్తున్నమా, దాస్తున్నమా?

4. ఈసారి ఎవరన్నా "కులం పోయిందా?" అని అడిగితే ఏం చెప్తరు? "మా ఇంట్ల పోయింది, వచ్చి చూడు" అని చెప్పగలిగే రోజు కోసం ఈ నెలలో ఏ ఒక్క పని చేస్తరు?

ఆ ఒక్క పని ఏందో రాసుకొని వచ్చే పున్నమి వందనకు రండి. అందరం కలిసి వింటం.

భవతు సబ్బ మంగళం. జై భీమ్!