మెట్టు చూపే పరీక్షను మళ్ళీ రాయాలా?

సింగపూరు నేషనల్ యూనివర్సిటీలో సీటు వచ్చినా, ఇంగ్లీషు అర్హత పత్రాలు చాలని విద్యార్థులు "క్వాలిఫైయింగ్ ఇంగ్లీష్ టెస్ట్" రాయాలి. బాగా రాస్తే ఇంగ్లీషు కోర్సు అక్కర్లేదు. ఓ మాదిరిగా రాస్తే ఈఎస్1103 చదవాలి. ఇంకా తగ్గితే ముందు ఈఎస్1000, ఆ తరువాత ఈఎస్1103. ఫలితం చూసుకోగానే మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే: "మళ్ళీ రాయొచ్చా?"

మనది ఎంసెట్ అలవాటు. అక్కడ ర్యాంకు కోసం పోటీ కనుక లాంగ్‌టర్మ్ కోచింగు తీసుకుని మళ్ళీ రాయటంలో అర్థం ఉంది. జీఆర్ఈ కూడా 21 రోజుల ఎడంతో, 12 నెలల్లో 5 సార్ల దాకా రాయనిస్తారు. ఇక్కడ సీటు ముందే వచ్చేసింది. ఈ పరీక్ష మనం ఏ మెట్టు దగ్గర మొదలుపెట్టాలో చెప్పే కొలబద్ద మాత్రమే.

ఏ కొలబద్దకైనా కొంత దోషం ఉంటుంది. ఉదాహరణకి, ఒకరి అసలు సామర్థ్యం 60 మార్కులు, కొలతలో ప్రామాణిక విచలనం 5 అనుకుందాం. మూడుసార్లు రాసి, అన్నిటికన్నా ఎక్కువ వచ్చిన మార్కునే తీసుకుంటే సగటున 64 వస్తుంది. మధ్యలో పుస్తకం తెరవకపోయినా సరే! పెరిగిన ఆ 4 మార్కులూ అదృష్టానివే కాని చదువువి కావు. కోర్సు తప్పించుకునే గీత 63 దగ్గర ఉంటే గట్టెక్కేస్తాం. కాని మొదటి ప్రాజెక్టు రిపోర్టు రాసే రోజున ఆ అదృష్టం తోడు రాదు.

జ్వరంతో పరీక్ష రాశారా? అప్పుడు కొలతే తప్పు. వెంటనే అధికారులతో మాట్లాడండి. లేదంటే, నా మాట విని, చూపించిన మెట్టు నుంచే ఎక్కండి.