తొట్లకొండ

విశాఖపట్నంలోని మల్కాపురం నౌకానిర్మాణ కేంద్రానికి, చమురు శుద్ధి కర్మాగారానికి చేరువలో ఉన్న పారిశ్రామిక ప్రాంతం. ఇక్కడి ప్రజలకు ఓడలు చిరపరిచితాలు. అయితే ఈ తీరానికి సముద్ర వర్తకం కొత్తది కాదు. నగరం నుండి భీమునిపట్నం వెళ్ళే దారిలోని తొట్లకొండ ఇందుకు సాక్ష్యం.

సుమారు 2000 సంవత్సరాల క్రితం ఈ కొండపై హీనయాన బౌద్ధ భిక్షువులు నివసించారు. 1976లో నౌకాదళం జరిపిన సర్వేలో ఈ స్థలం వెలుగులోకి వచ్చింది. 1988 నుండి 1993 వరకు పురావస్తు శాఖ త్రవ్వకాలు జరుపగా స్తూపాలు, చైత్యాలు, విహారాలు బయల్పడ్డాయి. శాతవాహనుల నాణేలతో పాటు లభించిన రోమన్ నాణేలు దూరదేశాలతో ఆనాటి వర్తక సంబంధాలను తెలుపుతున్నాయి.

భిక్షువులు కొండరాతిని తొలిచి తొట్లు నిర్మించి, వాననీటిని నిల్వ చేసుకున్నారు. ఆ తొట్ల వల్లనే కొండకు ఆ పేరు వచ్చింది. వర్షమే వారికి జీవనాధారం.

2019 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు, పునరుద్ధరించిన మహాస్తూపంలో కొంత భాగం కూలిపోయింది. నాడు వానను వరంగా మలచుకొన్న చోటనే నేడు వాన నష్టం కలిగించింది. పర్యాటకుల రాక వల్ల ప్రాంతానికి ఆదాయం, గుర్తింపు లభిస్తాయి. కాని సంరక్షణ లేని పర్యాటకం నిలువదు. శిథిలాలపై ఎక్కడం, రాళ్ళపై పేర్లు చెక్కడం వంటి పనులు మానడం సందర్శకుల కర్తవ్యం. వానకు ముందే కట్టడాలను పటిష్ఠపరచడం పాలకుల బాధ్యత. ఒకసారి కోల్పోయిన ప్రాచీనతను ఎంత ధనమైనా తిరిగి తేలేదు.

ప్రశ్నలు
1. తొట్లకొండకు ఆ పేరు ఎట్లు వచ్చింది?
2. చారిత్రక కట్టడాల సంరక్షణలో సందర్శకుల, పాలకుల బాధ్యతలను వివరించండి.