నడుమునొప్పి: పేరు తెలియని బాధతో జీవించు విధము

మన భాషలో పనికి పూనుకొనుటను ‘నడుము కట్టుట’ యందుము. కొంతసేపు విశ్రమించుటను ‘నడుము వాల్చుట’ యందుము. ఆధారము కోల్పోయినవారికి ‘నడుము విరిగినది’ యందుము. పనియు, విశ్రాంతియు, ధైర్యమును ఈ యొక్క అవయవమునే ఆశ్రయించియున్నట్లు మన పూర్వులు గుర్తించిరి. అట్టి నడుము మాటిమాటికి నొప్పిపెట్టుచు, కారణ మిదియని ఎవ్వరును నిశ్చయింపలేనప్పుడు మనుష్యుడు ఎట్లు మెలగవలెనో ఈ పాఠమునందు విచారింతము.

ఈ బాధ గలవారికి దుఃఖములు రెండు. మొదటిది నొప్పి, రెండవది దానికి పేరు లేకుండుట. ఒక వైద్యుడు డిస్కు జారినదనును. ఒకరు నరము నొక్కుకొన్నదందురు. ఇంకొకరు వాత మందురు. వేరొకరు పరీక్షలలో ఏమియు లేదందురు. చేతి సొమ్ము వ్యయమగును. నాలుగు నెలలు బాగుండి, ఒకనాడు చెంబు తీయ వంగినంతనే నడుము పట్టివేయును. ఇంటివారు సైతము ‘ఇది నిజముగా నొప్పియేనా?’ యని సందేహింతురు.

పేరు ఏల దొరకదు?

నడుమునందు ఐదు వెన్నుపూసలును, వాని నడుమ మెత్తని డిస్కులును, చిన్న కీళ్లును, కండరములును, నరములును దగ్గర దగ్గరగా నున్నవి. వీనిలో దేనినుండి పుట్టిన నొప్పియైనను ఇంచుమించు ఒకే చోట తెలియును. అందుచే నూటికి సుమారు తొంబది మందిలో ఫలానా భాగమే కారణమని చూప వీలు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. ఆ సంస్థ లెక్క ప్రకారము 2020 లో లోకమున 61 కోట్ల 90 లక్షల మందికి ఈ నొప్పి కలదు. కనుక పేరు దొరకకపోవుట రోగి చేసిన తప్పు గాదు. నటనకు నిదర్శనమును గాదు.

చిత్రములు తీయించినంత మాత్రమున సందేహము తీరదు. ఏ నొప్పియు లేనివారి చిత్రములను గూర్చిన అధ్యయనములను 2015 లో ఒకచోట చేర్చి చూడగా, ఇరువది యేండ్లవారిలో నూటికి 37 మందికి, ఎనుబది యేండ్లవారిలో 96 మందికి డిస్కుల అరుగుదల కనబడెను. తల నెరసినట్లే డిస్కులును వయసుతో మారును. కావున రిపోర్టులో ‘అరుగుదల’ యను మాట చూచి నా నడుము పని ముగిసినదని క్రుంగరాదు.

ఉపేక్షింపరాని గుర్తులు

అయినను ‘అందరికిని ఉండునదే’ యని ఊరకుండుటయు ప్రమాదమే. మూత్రము బిగబట్టినను, తెలియకుండ పోయినను, మలవిసర్జన అదుపు తప్పినను, తొడల సందున స్పర్శ తగ్గినను, కాళ్లు బలహీనపడినను ఆనాడే ఆసుపత్రికి పోవలెను. సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట, రాత్రి విడువని నొప్పి యున్నచో వెన్నెముక క్షయ కాదని తేల్చుకొనవలెను. 1779 లో పెర్సివల్ పాట్ అను ఆంగ్ల వైద్యుడు వర్ణించిన ఈ వ్యాధి మన దేశమున నేటికిని కలదు, మందులతో నయమగును. పూర్వము క్యాన్సరు సోకినవారును, క్రిందపడి దెబ్బ తగిలిన వృద్ధులును ఆలస్యము చేయరాదు.

నలువది యైదేండ్లలోపు మొదలై, ప్రాతఃకాలమున అరగంటకు మించి బిగుసుకొని, నడచిన తగ్గి, పడుకొన్న పెరుగు నొప్పి వేరు జాతిది. ఇది వెన్నెముక కీళ్లవాపు కావచ్చును. కీళ్ల వైద్యునికి చూపవలెను. నీటిలోని ఫ్లోరైడు మరియొక కారణము. 1937 లో నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు దీనిని గూర్చి ప్రకటించిరి. నల్లగొండ ప్రాంతమునను అట్టి నీరు చిరకాలము త్రాగిన పెద్దలకు వెన్ను బిగిసి వంగుట లేదు. అట్టి యూళ్లవారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను.

దినచర్య

ఈ గుర్తులు లేవని వైద్యుడు చూచి చెప్పిన పిమ్మట, పేరు లేకున్నను చేయదగిన పని చాల గలదు. 1995 లో ఫిన్లండు దేశమున హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందిని మూడు తెగలుగా విభజించి పరీక్షించిరి. రెండు దినములు మంచము పట్టినవారికంటెను, ప్రత్యేక వ్యాయామము చేసినవారికంటెను, ఓర్వగలిగినంత మేరకు నిత్యకృత్యములు సాగించినవారే త్వరగా కోలుకొనిరి. ఇది క్రొత్తగా పట్టిన నొప్పికి సంబంధించిన మాట. చిరకాలపు నొప్పికి వ్యాయామము, వ్యాధిని గూర్చిన బోధ మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 లో సూచించినది. నడుము పట్టీలను, బరువులు కట్టి లాగు చికిత్సను అలవాటుగా వాడవద్దని గూడ చెప్పినది.

నొప్పి తగ్గిననాడు వారము పని ఒక్కదినమున చేసి, మరునాడు మంచమెక్కుట తగదు. నడకను కొలది కొలదిగా పెంచవలెను. బియ్యపు బస్తాను ఒక్కరే ఎత్తక ఇద్దరు పట్టవలెను. బిందెను దూరముగా గాక దేహమునకు దగ్గరగా పట్టి ఎత్తవలెను.

ఒక చిన్న పుస్తకము నుంచుకొని నొప్పి వచ్చిన తేదియు, వేళయు, ఆనాడు చేసిన పనియు, నొప్పి కాలిలోనికి దిగినదో లేదో, వాడిన మందును వ్రాయవలెను. ఒక్క వైద్యునియొద్దనే కుదురుగా నుండి మూడు ప్రశ్నల నడుగవలెను: ఏ ప్రమాదములు లేవని తేలినది? ఏ మార్పు కనబడిన మరల రావలెను? నేనే పనులు చేయవచ్చును? నేడు తెలియనిది రేపు తెలియవచ్చును. నొప్పి తీరు మారినప్పుడు ఆ పుస్తకమే సాక్ష్యము.

ఇంటివారికి ఒక మనవి. కోడలు నడుము నొప్పి యన్నప్పుడు ‘రిపోర్టులో ఏమియు లేదుగదా’ యని ఎత్తిపొడువకుడు. అట్లని సమస్తమును ఆమె చేతినుండి లాగుకొని కూర్చుండబెట్టుటయు మేలు కాదు. బరువైన పనిలో పాలు పంచుకొని, చేయగల పనిని ఆమెకే విడువుడు. నొప్పికి పేరు పెట్టుట వైద్యులకు సాధ్యము కాకపోవచ్చును; నొప్పి గలదని నమ్ముట మనకు సాధ్యమే.