సీతమ్మ చెప్పిన ఖడ్గగాథ – గృహస్థుని చాకులపెట్టె

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మదనపల్లెకు సమీపమున నున్న వాల్మీకిపురమును పెద్దలు నేటికిని వాయల్పాడు అనియే అందురు. ఆదికవి ఇచ్చట తపమాచరించెనని స్థలపురాణము. తిరుమల తిరుపతి దేవస్థానముల నిర్వహణలోని శ్రీ పట్టాభిరామస్వామి ఆలయము ఈ ఊరనే కలదు. ఇచ్చటికి వచ్చు యాత్రికులు సుందరకాండమును, పట్టాభిషేక ఘట్టమును మక్కువతో పారాయణ చేయుదురు. అరణ్యకాండము తొమ్మిదవ సర్గమునందు సీతాదేవి నోట మహర్షి పలికించిన ఒక చిన్న కథ మాత్రము చాలమంది దృష్టికి రాకుండ జారిపోవును. అందులో రావణుడు లేడు, యుద్ధము లేదు. ఒక ముని, ఒక కత్తి, అంతే.

సుతీక్ష్ణ మహర్షి ఆశ్రమమునుండి సెలవు గైకొని సీతారామలక్ష్మణులు దండకలో ముందునకు సాగుచున్న సమయమది. రాక్షసులను వధింతునని రాముడు అప్పటికే మునులకు మాట యిచ్చియుండెను. ఆ మాట విన్న నాటినుండి సీతమ్మ మనస్సున ఒక కలత. కోరికవలన పుట్టు దోషములు మూడనియు, అవి అసత్యము, పరస్త్రీ సంగమము, వైరము లేకయే హింసకు పూనుట అనియు ఆమె చెప్పెను. మొదటి రెండును రామునియందు లేవు, ఉండబోవు. మూడవదానిని గూర్చియే ఆమె భయము. ఆయుధము చేతనుండగా మనస్సు దాని వెంట పోవునేమో అని శంకించి ఈ కథ వినిపించెను.

పూర్వమొక పుణ్యవనములో సత్యవాదియు శుచియునైన తపస్వి యుండెను. ఆతని తపమునకు విఘ్నము కలిగింపదలచి ఇంద్రుడు భటుని రూపమున వచ్చి, తన ఖడ్గమును న్యాసముగా, అనగా తిరిగి యిచ్చువరకు దాచియుంచుమని, ఆతనికి అప్పగించి పోయెను. ముని ఆ కత్తిని కోరలేదు. ఇచ్చినదానిని పోగొట్టరాదను ధర్మబుద్ధి ఒక్కటే ఆతనిది. అందుచేత దానిని ఆశ్రమములో విడిచి పోవుటకు మనసొప్పక, కందమూలములకు పోయినను వెంట గొనిపోవుచుండెను. దినములు గడచెను. చేత నిత్యము ఆయుధమున్న కొలది ఆతని బుద్ధి క్రమముగా క్రౌర్యమువైపు మరలెను. తపస్సుపై నిష్ఠ సడలెను. తుదకు ఆ శస్త్ర సాంగత్యము చేతనే నరకమున బడెను. నిప్పు చేరిన వస్తువునకు మార్పు తప్పనట్లు ఆయుధము చేరిన మనస్సునకును తప్పదని ఆమె అభిప్రాయము.

ఈ కథలో చదువరులు సామాన్యముగా హింసను గూర్చిన నీతినే గ్రహింతురు. అంతకు ముందున్న మెట్టు ఒకటి కలదు. ముని చెడినది కత్తితో ఎవనినో నరికినందువలన మొదలు కాలేదు, దానిని కాపాడుటతో మొదలాయెను. ఒక వస్తువును నిత్యము కాపాడవలెననినచో నిత్యము తలంపవలెను. ఎక్కడ నున్నది, ఎట్లున్నది, ఎవరైన తాకిరా అను విచారము జపముయొక్క స్థానమును ఆక్రమించును. ఆతడు కత్తిని మోసినన్నాళ్లును నిజమునకు కత్తియే ఆతనిని నడిపించుచుండెను.

నేటి గృహస్థుని యింట ఇంద్రుని ఖడ్గము లేదు. కాని జేబులో మడచి పెట్టుకొను చాకు కలదు. అది ఎంతయో ఉపయోగకరమైన వస్తువు. మదనపల్లె, పుంగనూరు ప్రాంతముల రైతు త్రాడు కోయుటకు, మామిడి మొక్కకు అంటు కట్టుటకు, తోటలోనే కాయ కోసి రుచి చూచుటకు చాకు కావలెను. ఒకటి చాలును, పోగొట్టుకొనువాడైనచో రెండు. అయినను కొందరికి ఆ ఒక్కటి పది యగును, పది నలువది యగును. తిరునాళ్లలో పిడి నచ్చి ఒకటి, ప్రయాణములో జ్ఞాపకార్థమని ఒకటి, మిత్రుని చేత చూచి అటువంటిదే మరియొకటి. ఇప్పుడు అంగడికి పోవలసిన పనియు లేదు. చేతిలోని ఫోనులోనే అంగడి యున్నది. వచ్చిన చాకును తెరచి, మూసి, ఆ చప్పుడు విని, అలుగునకు నూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టెలో నుంచుదురు. దానితో నిమ్మకాయ యైనను కోయరు, గీత పడునని భయము. వంటయింట ఇల్లాలు మొక్కవోయిన కత్తితో కూరగాయలు తరుగుచుండగా బీరువాలో నలువది పదునైన చాకులు నిద్రించుచుండును!

చాకునందు మనస్సు తగులుకొనుటకు కారణము లేకపోలేదు. అది చేతిలో ఇముడును, దానియందు లోహముయొక్క నిగనిగ, పనివాని నేర్పు, చిన్ననాటి జ్ఞాపకము కలవు. ఉక్కు మంచిచెడ్డలు తెలిసిన జాతి తెలుగుజాతి. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రములో మూసలందు కరగించి చేసిన ఉక్కుకై పారశీక వర్తకులు వచ్చెడివారు; నీటి అలల వంటి చారలు గల ప్రసిద్ధ ఖడ్గములు అట్టి ఉక్కుతోనే తయారయ్యెను. ఉత్తర ప్రదేశములోని రాంపూరు మడత చాకు సినిమాల వలన దేశమంతట పేరుపొందెను. ఆ ఊరి కూడలిలో 2023లో ఇరువది అడుగుల చాకును నిలిపిరి. దానితో కోయదగిన పండు మాత్రము ఏ తోటలోను పండదు.

స్విట్జర్లాండు దేశపు చాకు కథ ఇంకను వింతైనది. కార్ల్ ఎల్సెనర్ అను కత్తుల పనివాడు 1884లో కార్ఖానా పెట్టి, 1891లో తమ సైన్యమునకు చాకులు సరఫరా చేసెను. సైనికుడు ఆహారపు డబ్బా తెరచుటకును, తుపాకి మరలు విప్పుటకును వేరువేరు పనిముట్లు మోయనక్కరలేకుండ అన్నియు ఒక పిడిలో ఇమిడించుట దాని ఉద్దేశము. 1897లో అధికారుల కొరకు మరికొన్ని పరికరములు చేర్చిన చాకు వచ్చెను. అనేకమును ఒకటిగా చేయుటకు పుట్టిన ఆ వస్తువును నేడు డజన్లకొలది పోగుచేయువారు ప్రపంచమంతట కలరు. ఒక్కటి చాలునని చెప్పుటకే పుట్టిన చాకు గూడ మనస్సును ఒక్కటితో ఆపలేకపోయెను.

ఏలయన ఆ మనస్సు కోరునది చాకు కాదు, రాబోవు చాకు. కొనకముందు దానిని గూర్చి చదువుట, వెల విచారించుట, వచ్చు దినమునకై ఎదురుచూచుట, ఇవియే దానికి రుచి. పెట్టె విప్పిన మరునాటికి ఆ రుచి పలుచబడును. దృష్టి తరువాతిదానిపైకి పోవును. విషయములను ధ్యానించుచుండువానికి సంగము, సంగమునుండి కామము పుట్టుననియు, అది క్రోధమునకును బుద్ధినాశమునకును దారితీయుననియు గీత రెండవ అధ్యాయమున భగవానుడు చూపిన క్రమములో మొదటి మెట్టు కొనుట కాదు, ధ్యానించుట. ఫోను తెరపై అర్ధరాత్రివరకు చాకుల బొమ్మలు చూచువాడు కాసు ఖర్చు చేయకున్నను ఆ మెట్టు ఎక్కియే యున్నాడు.

ఇందువలన ఎవరికి నష్టమని ప్రశ్నింపవచ్చును. సీతమ్మ చెప్పిన మూడు దోషములలో మొదటిది ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను. చాకులపెట్టె గల యింట మొట్టమొదట ప్రవేశించునది హింస కాదు, అసత్యము. మూడువేలకు కొన్నదానిని మూడువందలని ఇల్లాలితో చెప్పుట, పాతదేయని బుకాయించుట, పొట్లము తెచ్చినవానిని వీధి మలుపులోనే కలిసికొనుట. దొంగతనము చేయకయే దొంగవలె నడచుకొనుట అలవడును. తండ్రి బల్ల సొరుగునకు తాళము వేయుట పిల్లవాడు చూచుచునేయుండును. గృహస్థధర్మములు చెప్పుచు నారదుడు ధర్మరాజుతో, కడుపునకు చాలినంతవరకే దేహికి హక్కనియు, మించినదానిని నాదనుకొనువాడు చోరుడనియు భాగవత సప్తమస్కంధమున బోధించెను. ఆ మాట కఠినముగా తోచవచ్చును. పొట్లమును చంకలో దాచుకొని యింటికి వచ్చువాని నడకను ఒకమారు చూచినచో అంత కఠినముగా తోచదు.

అయితే చాకులు సేకరించువారెల్లరు రోగులనుటయు తగదు. అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో వెలువరించిన తన గ్రంథములో, విలువ యున్నను లేకున్నను వస్తువులను విడువలేక ఇల్లు నివాసయోగ్యము కాకుండునంతగా నింపుకొను స్థితిని ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తించెను. అట్టివారిని పరిహసింపక వైద్యునికడకు గొనిపోవలెను. క్రమముగా అమర్చి, తెలిసి కొనువాడు ఆ కోవలోనివాడు కాడు. కాని వైద్యుడు ఇల్లు నిండిన తరువాత వచ్చును. శాస్త్రము మనస్సు నిండకముందే హెచ్చరించును.

సేకరణకు మరియొక గతియు కలదు. హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియములో జహంగీరు పాదుషా బాకును, నూర్జహాను పండ్లు కోసికొను చాకును కలవు. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాను 1912లో నిజాము దివానుగా నియుక్తుడై 1914లో ఆ పదవి విడిచెను. అవివాహితుడై, 1949లో మరణించువరకు సుమారు 35 సంవత్సరములు సేకరణలోనే గడపెను. ఆతని వస్తువులను 1951లో ఆతని దివాన్ దేవిడి భవనముననే ప్రజల దర్శనార్థము తెరచిరి. 1968లో నేటి భవనమునకు తరలించిరి. మహారాణి చేతి చాకును నేడు పల్లెనుండి వచ్చిన కూలివాడును చూడగలుగుచున్నాడు. ఇది లోకమునకు లాభమే. కాని ఆ లాభము సమకూరినది యజమాని పిడికిలి వీడిన పిమ్మటనే యని గమనింపవలెను.

భాగవత ఏకాదశస్కంధమున అవధూత తన గురువులలో కురర పక్షిని పేర్కొనెను. ముక్కున మాంసఖండమున్నంతవరకు బలిష్ఠమైన పక్షులు దానిని పొడిచెను. జారవిడిచినంతనే ఆకాశమంత సుఖము దానిదయ్యెను. ఆ పక్షిని ఎవరును ఒప్పింపలేదు. బాధయే దానికి బోధించెను. మనుష్యునికి అట్లు పొడుచు పక్షులు లేవు. చాకులు పెట్టెలో మౌనముగా పడియుండును గావున దెబ్బ తెలియదు.

వైష్ణవ గృహములలో ఆయుధము నింద్యము కాదు. శ్రీమహావిష్ణువు పంచాయుధములలో నందకమను ఖడ్గము కలదు. పేయాళ్వారు నందకాంశయని సంప్రదాయము. తాళ్లపాక అన్నమాచార్యులను గూడ నందకాంశ సంభూతునిగానే భావింతురు. స్వామి ధరించు ఖడ్గము జ్ఞానమనియు, దాని ఒర అవిద్య యనియు విష్ణుపురాణము వివరించెను. సంసారవృక్షమును అసంగమను శస్త్రముతో ఛేదింపుమని గీత పదునైదవ అధ్యాయము చెప్పును. కత్తిని చూచి సంగము పెంచుకొనువానికి సంగమును కోయు కత్తి ఒకటి వేరుగా కలదన్నమాట. సకలలోక స్వామికి నందకము ఒక్కటే చాలినది!

సీతమ్మ మాటకు రాముడు కోపగింపలేదు. ఆమె స్నేహముతో చెప్పినదని సంతసించెను. పిదప తన పక్షము చెప్పెను: ఆర్తనాదము వినబడకుండుటకే క్షత్రియులు విల్లు ధరింతురు, మునులు శరణు వేడిరి, తాను మాట యిచ్చెను. ముని చేతి ఖడ్గమునకు పని లేదు. రాముని వింటికి పని కలదు. భేదమంతయు అక్కడనే యున్నది. చాకు విషయమునను అడుగవలసిన ప్రశ్న ఎన్ని యున్నవని కాదు, ఏ పని దానిని పిలిచినదని.

కావున పెట్టెను ఒక్కమారుగా నూతిలో పారవేయనక్కరలేదు. ఆవేశముతో పారవేసినవాడు ఆరు మాసములలో రెండవ పెట్టె కొనును. ఆశ్వయుజ మాసమున మహర్నవమికి పనిముట్లు కడిగి పసుపు కుంకుమలు పెట్టు ఆచారము తెలుగునాట అంతట కలదు. ఆ దినమున చాకులన్నిటిని బయట పరచి, గడచిన సంవత్సరములో పని చేసినవానిని ఒకవైపునకు తీయవలెను. అవి రెండో మూడో యుండును. మిగిలినవి ఆ రెంటిని చూచి సిగ్గుపడునట్లుండును. తొమ్మిది అంగుళములకంటె పొడవైన అలుగు గల మారణాయుధములకు 1959 నాటి ఆయుధ చట్టపు నిబంధనలు వర్తించును. వంటకు, వ్యవసాయమునకు చేసినవి ఆ నిబంధనలోనివి కావు. పిల్లలున్న యిండ్లలో ఈ విచారణ మరింత ముందే జరుగవలెను.

తరువాత ఇచ్చుట. అంటు కట్టు తోటమాలికి, టమాటా బుట్టల త్రాళ్లు కోయు మండీ కూలికి, దేవాలయములో పూలమాలలు కట్టువానికి, మొట్టమొదట తన వంటయింటికి. తక్కువరకముది యిచ్చి మేలైనది దాచుకొనుట సులభము. ఇచ్చునపుడు చేయి ఏ చాకుకడ ఆగునో, ముందుగా ఈయవలసినది అదియే. సాత్త్విక త్యాగము చేయు శ్రీవైష్ణవుడు కర్తృత్వమును, ఫలమును స్వామికే సమర్పించి నిత్యకర్మ ముగించును. ఆ మాటలు పలికిన పెదవులతోనే నా చాకు అనుటకు కొంత సంకోచము కలుగకపోదు. కత్తిని చేతికి చేత ఈయక క్రింద నుంచినచో, అవతలివారు తామే తీసికొనుట మన యిండ్లలో వాడుక.